కొంగు అంచు పట్టుకున్న చెయ్యి

2005 ఏప్రిల్‌లో విజయవాడ పటమటలోని ఒక కోచింగ్ సెంటరులో నన్ను అసోసియేట్ కోచ్‌గా తీసుకున్నారు. కోచింగ్ అన్న బోర్డు చూసి మొదటి వారంలోనే ఇద్దరు తండ్రులు పిల్లల మార్కుల జాబితాలు పట్టుకుని వచ్చారు. మాది ఆ కోచింగ్ కాదు, లైఫ్ కోచింగ్. ఉద్యోగం పోయినవాళ్లు, పెద్ద జబ్బు చేసి లేచినవాళ్లు, ఇక ముందు ఏం చెయ్యాలో తేలక మా దగ్గరికి వచ్చేవారు. వాళ్లంతట వాళ్లు తేల్చుకునేదాకా ప్రశ్నలు అడగడమే మా పని. సలహా ఇవ్వకూడదు.

నా చదువు సంగతి కూడా చెప్పాలి. ఎనిమిదో తరగతిలో లెక్కల మాస్టారికీ నాకూ పడలేదు. ఆయన ఉండిపోయారు, నేను వచ్చేశాను. గవర్నర్‌పేటలో చీరల హోల్‌సేల్ షాపులో సేల్స్‌మన్‌గా కుదిరాను. మధ్యలో కాలు నిలవక ఏడాది ఆటో నడిపాను, రెండేళ్లు క్యాటరింగ్‌లో వడ్డనలు చూశాను, మళ్లీ షాపుకే చేరాను. 2003లో వెన్నెముకకు టీబీ వచ్చి తొమ్మిది నెలలు మంచం మీద ఉన్నాను. పరామర్శకు వచ్చినవాళ్లు నాలుగు బత్తాయిలు పెట్టి, నా నడుము సంగతి రెండు నిమిషాలు అడిగి, తమ గోడు గంటసేపు చెప్పుకునేవారు. లేచి పారిపోలేని మనిషి వాళ్లకు నేనొక్కణ్ణే దొరికాను. అలా చెప్పుకున్నవాళ్లలో ఈ సెంటరు నడిపే సీనియర్ కోచ్ ఉషారాణి గారి తమ్ముడు కూడా ఉన్నాడు. అతనే ఆవిడకు నా పేరు చెప్పాడు. నడుముకు బెల్టుతో షాపు పరుపు మీద బాసింపట్టు వేసుకుని కూర్చోలేను కనుక నాకూ వేరే దారి లేదు.

సెషన్ అంటే గంట. ప్రతి సెషన్‌కూ ఒక షీట్ ఉంటుంది. పై గడిలో క్లయింటు చెప్పిన మాటలు రాయాలి. కింది గడి పేరు యాక్షన్ స్టెప్. వచ్చే సెషన్‌లోగా క్లయింటు చెయ్యబోయే పని ఒక్కటి, తేదీతో సహా అందులో రాయాలి. సాయంత్రం ఆ షీట్ సీనియర్ కోచ్ చూస్తారు.

మే మొదటి వారంలో నాకు విడిగా అప్పగించిన మొదటి క్లయింటు నాగమణి గారు. బందరు దగ్గర చేపల వ్యాపారం, నలభై ఏడేళ్లు ఉంటాయి. రొమ్ము కేన్సర్‌కు ఆపరేషన్ అయింది. విజయవాడలో చెకప్‌కు వస్తే ఆసుపత్రి నర్సు మా దగ్గరికి పంపింది. కుడి చేత్తో బరువు ఎత్తవద్దని డాక్టరు చెప్పారు. వేలం షెడ్డులో ఆవిడకు పాతికేళ్లుగా ఒక చోటు ఉంది. వైద్యం జరిగినన్నాళ్లూ అక్కడ ఆడపడుచు కూర్చుంది. చేపలు గుడ్లు పెట్టే కాలమని అప్పుడు సముద్రంలో వేట ఆపారు. నెలాఖరుకు మళ్లీ బోట్లు వెళతాయి. మొదటి బోటు సరుకు దిగేటప్పుడు చోటులో ఎవరు కూర్చుంటే ఆ ఏడాదికి వాళ్లదే. అక్కడి అలవాటు అది. వెళ్లాలా, మానెయ్యాలా అన్నది ఆవిడ ప్రశ్న.

మా షాపులో పెద్ద సేల్స్‌మన్ నాకు ఒక కిటుకు నేర్పాడు. కళ్లు మొహమాటపడతాయి, చేతులు పడవు. ఎన్ని చీరలు విప్పినా ఆడవాళ్ల వేళ్లు ఏ అంచు పట్టుకుని వదలవో అది కట్టెయ్యాలి, ఇంకోటి విప్పకూడదు. పైగా నాగమణి గారు నాకు బోణీ క్లయింటు. బోణీని ఉత్త చేతులతో పంపడం నా ఒంట్లో లేదు. ఇరవై నిమిషాలు ప్రశ్నలు అడిగి, నడుము లాగి లేచాను. గదిలో అటూ ఇటూ తిరుగుతూ ఇంట్లో కూర్చుని చేసే పనులు ఒక్కొక్కటే విప్పడం మొదలుపెట్టాను. ఇంటి దగ్గరే చీరలు అమ్మే ఆలోచన చెప్పేసరికి ఆవిడ వేళ్లు కొంగు అంచు గట్టిగా పట్టుకున్నాయి. నేను అక్కడే ఆగి, షీట్‌లో రాసేశాను: జూన్ మొదటి వారంలో ఇరవై చీరలు. ఆవిడ “అట్టాగేనండీ” అని వెళ్లిపోయింది.

సాయంత్రం ఉషారాణి గారు షీట్ చూసి ఒకటే అడిగారు. “ఇందులో ఆవిడ మాటలు ఎక్కడున్నాయండీ?”

పై గడిలో ఎనిమిది వాక్యాలున్నాయి. ఎనిమిదీ నావే.

క్లయింటు ఇంటికి వెళ్లకూడదన్నది సెంటరు నియమం. తరువాతి చెకప్ మే చివరి వారంలో ఉంది. ఆ మూడు వారాలూ నాకు కూర్చుంటే నడుము, నిలబడితే మనసు నెప్పి పుట్టాయి. బందరు రోడ్డులో బస్సు కనిపిస్తే అందులో ఆవిడ చీరల మూట పెట్టుకుని దిగుతుందేమోనని చూసేవాణ్ణి.

ఆవిడ వచ్చింది, మూట లేదు. అప్పటికి బోట్లు వెళ్లడానికి నాలుగు రోజులే ఉన్నాయి. ఈసారి కూర్చోబెట్టగానే అడిగాను. ఆరోజు కొంగు అంచు అంత గట్టిగా పట్టుకున్నారు, చీరల పని నిజంగా నచ్చిందా అని.

“నచ్చటమేంటండీ. ఆపరేషనయినకాడి నుంచీ ఈ చెయ్యి వాచింది. మీకు కనపడకుండా కొంగు కప్పుకున్నా. అది జారిపోతంటే పట్టుకున్నా.”

“మరి అట్టాగే అన్నారు?”

“మీరేమో పెళ్లివారికి చీరలు చూపించినట్టు చూపిస్తన్నారు. కాదంటానికి నోరు రాలేదు.”

నవ్వొచ్చింది. నవ్వలేదు. మీకేం కావాలని అడిగి నోరు మూసుకున్నాను. నా జన్మలో అంత పొడుగైన నిమిషం లేదు. తోచిన సలహాలు మూడు నాలుక దాకా వచ్చాయి. లేచి కిటికీ దగ్గరికి వెళ్లాను, అటు తిరిగి నిలబడ్డాను.

కాసేపటికి వెనక నుంచి మాట వినిపించింది. “ఎత్తొద్దన్నారు డాక్టరు గారు. కూర్చోవద్దనలేదు కదండీ. తట్ట ఎత్తటానికి మనిషిని పెట్టుకుంటా. కానీ వేలంలో రేటు పాడాలంటే కుడి చెయ్యే లేపాలి. లేపితే కొంగు జారుద్ది. వాచిన చెయ్యి షెడ్డంతా చూస్తారు.”

“చూస్తే?”

నేను కిటికీ చువ్వలు లెక్కపెట్టాను. తరువాత ఆవిడ చిన్నగా నవ్వింది. “చూస్తే నా ఆడపడుచు ముందు చూసుద్ది. చూసి ఏడుద్ది. ఏడుపొచ్చాక చోటిస్తది లెండి, మనిషి మంచిదే.”

ఆరోజు కింది గడిలో ఆవిడ చెప్పినట్టే రాశాను: మొదటి బోటు సరుకు దిగేసరికి షెడ్డులో ఉంటా. కుడి చెయ్యే లేపుతా. ఉషారాణి గారు చదివి సంతకం పెట్టారు.

జూన్ సెషన్‌కు నాగమణి గారు రాలేదు. చెకప్ చూసుకుని అటే వెళ్లిపోయిందని, సరుకు దిగే టైముకు చోటులో ఉండాలని, మీతో మాట్లాడటానికి తీరిక లేదని చెప్పమందని నర్సు చెప్పింది. షీట్ మీద “ముగిసింది” అని రాసి ఫైల్లో పెట్టాను.

చేతిని చూసి బేరం కుదిరిందో లేదో చెప్పవచ్చు. ఆ చెయ్యి ఎందుకు అలా ఉందో మాత్రం మనిషిని అడిగితేనే తెలుస్తుంది. అడిగాక జవాబు వచ్చేదాకా ఆగాలి. అడగడం నాకు ఒక్క నెలలో అబ్బింది. ఆగడం కోసం, రిటైరయ్యేదాకా ప్రతి సెషన్‌లోనూ కిటికీ వైపు తిరిగి నిలబడుతూనే ఉన్నాను. నడుము నెప్పి కాబోలని క్లయింట్లు అనుకునేవారు.