మడ్డి తీసే చెయ్యి

నురగ కనబడితే మా పెదనాన్న చెయ్యి ఆగేది కాదు. పద్మపూర్ దగ్గర చెరకు పొలంలో ఏళ్ళ తరబడి బెల్లం వండుతూ, పాకం మీద తేలే మురికినురగ తీసిన చెయ్యి అది. పప్పు పొంగినా సరే, పైన తేలింది గరిటెతో తీసి పారబోసేవాడు. "మడ్డి అమ్మీ, మడ్డి" అనేవాడు.

నా పరిశోధనేమో నురగలో సన్న నాచు పెంచడం. తొట్టెడు నీళ్ళు అక్కర్లేకుండా, బుడగల పొరల్లోనే పెరుగుతుందని నా ఆశ. ఆయన పశువులపాకలోనే గాజు తొట్టి పెట్టుకున్నాను. నురగ నిలవడానికి సబ్బులాంటి మందు కలిపితే నాచు పాలిపోయి చచ్చేది. కుంకుడురసం పలచగా కలిపితే నాచు బతికేది గాని నురగ కూలిపోయేది. నెలల తరబడి ఇదే గోల. చివరికి ఓ ఉదయం, కొత్త సంచిలోని కుంకుళ్ళతో పచ్చటి నురగ తొట్టి అంచుదాకా లేచి నిలబడింది. ముట్టుకోవద్దని పెదనాన్నకి చెప్పి మరీ కెమెరా కోసం గుణుపూర్ వెళ్ళాను.

తిరిగొచ్చేసరికి పెదనాన్న జల్లిగరిటె కడుగుతున్నాడు. "మడ్డినంతా తీసీసేనమ్మీ. సూడు, నీళ్ళెంత తేటగున్నాయో!"

"మడ్డి కాదు పెదనాన్నా, అదే నా పంట!" అని అరిచాను. ఆయన బిత్తరపోయాడు.

ఆ కుంకుళ్ళు అయిపోయాయి. మరే కుంకుళ్ళతోనూ ఆ నురగ మళ్ళీ రాలేదు. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

ఆ ఏడు బెల్లం వండేరోజు, పెద్ద పెనంలో చెరకురసం మీద మడ్డి తెట్టుకట్టి పొంగుతోంది. పాకం పాడైపోతోందని అందరూ కేకలు. పెదనాన్న గరిటె పట్టుకుని అలాగే నిలబడి, నావైపు తిరిగాడు.

"ఏటమ్మీ, ఇది తియ్యొచ్చా?"