కరుణ చీర ఆఖరి ముక్క

"ఇది అమ్మ బొంత కాదు!"

"కాకపోడమేటే? సిరిగిన ముక్క తీసి కొత్త ముక్కేసినాను, అంతే. బొంత అదే."

"పోనేడు ఎర్ర ముక్క తీసేసినావు. ఇప్పుడు ఆకుపచ్చది కూడా తీసేసినావు. ఇంక అమ్మ సీర ఏటి మిగిలింది అమ్మమ్మా?"

"మన చర్చికి పెంకులు తీసి స్లాబేసినారు, చర్చి వేరైపోనాదేటి? పాలపళ్ళూడి కొత్తవొచ్చినాయి, నువ్వు వేరే పిల్లవైపోనావేటి?"

గెలిచాననుకున్నాను. నా మనవరాలు ఎస్తేరుకి అప్పుడు ఎనిమిదేళ్ళు. ఆ బొంత ఇప్పుడూ నా మంచం మీదే ఉంది. ముసురు పట్టినప్పుడు అందులోంచి సబ్బు వాసన, పాత ఎండ వాసన, ఎక్కడో కాస్త పొగ వాసన వస్తాయి. నర్సీపట్నంలో బొంతలు కుట్టేవాళ్ళే లేరిప్పుడు. ఎస్తేరు ఇంట్లో కూడా కొన్న రగ్గులే.

దాని తల్లి కరుణ, నా ఒక్కగానొక్క కూతురు, పిల్లకి రెండేళ్ళప్పుడు జ్వరంతో పోయింది. ఏడుస్తూ కూచుంటే పని జరగదని దాని చీరలన్నీ పొరలు పొరలుగా పరిచి బొంత కుట్టేశాను. ఏటా ఎండాకాలం దాన్ని ఉతికి, పెరట్లో ఆరేసి, చివికిపోయిన చోటల్లా రోలుగుంటలో ఉన్న చెల్లెలిచ్చిన పంచె ముక్కో, చర్చిలో దించేసిన తెర గుడ్డో వేసి కుట్టేదాన్ని, ఏ గుడ్డా వృథా పోనివ్వకుండా. మూడో తరగతితో బడి మానేసినదాన్ని. ఒక వస్తువు ఎన్ని ముక్కలు మారేదాకా అదే, ఏ ముక్కతో వేరేదైపోతుందీ అన్నది నాకెప్పుడూ తట్టలేదు. ఆ పిల్లకి తట్టింది.

నాలికతో కొత్త పళ్ళు తడుముకుని, మెల్లగా అంది: "అమ్మ సూసిన పళ్ళు ఇవి కావు గదా. మొకం కూడా మారిపోనాది. పైకెల్లినాక నన్నెలాగ పోలుస్తాది? ఈ బొంత సూపిద్దామనుకున్నాను."

"బేగి అన్నం తిను," అని కసిరాను. ఆకుపచ్చ ముక్కని ఆ పొద్దున్నే మసిగుడ్డ చేసేశాను. దాంతోనే గంజి వార్చాను. దానికి చెప్పలేదు.

మర్నాడు పొద్దున్న లేచి చూస్తే పొయ్యి దగ్గర మసిగుడ్డ లేదు. పెరట్లో తీగ మీద ఉంది, నీళ్ళు కారుతూ. కింద బట్టల సబ్బు సగం అరిగిపోయి ఉంది. సూది, దారం తెచ్చి ఎస్తేరు ముందు పెట్టాను. నాకు కళ్ళు ఆనవు, అదే దారం ఎక్కించి ఇచ్చి బడికి పోయింది. ఆరాక ఆ ఆకుపచ్చ ముక్కని బొంతకి తలవైపు పెట్టి నాలుగు పక్కలా కుట్టాను. మధ్యలో కుండ అంచుకి కాలిన మచ్చ పోలేదు.