ఆయాసం చూడటం నేర్పిన రూతు మేడం

ఇవాళ జగ్గయ్యపేటలో నా ఓపీ గదిలోకి ఒక తల్లి పసిబిడ్డను ఎత్తుకొచ్చింది. బిడ్డ ఛాతీకి రాసిన కర్పూరం, కొబ్బరినూనె వాసన గదంతా పరుచుకుంది. నాకు నందిగామ గుర్తొచ్చింది. పిల్లల డాక్టరుగా నా మొదటి ఉద్యోగం అక్కడే, రూతు మేడం నడిపే చిన్న ఆసుపత్రిలో.

ఒక చలికాలం ఉదయం, ముక్త్యాల సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసే ఏసుబాబు, భార్య కరుణ తమ నాలుగు నెలల బాబును తెచ్చారు. జలుబుతో మొదలై దగ్గు, ఆయాసం పట్టుకున్నాయి. నేను స్టెతస్కోపు తీయబోతే మేడం ఆపారు. "ముందు కళ్ళతో చూడమ్మా. అది పెడితే ఏడుస్తాడు, ఏడిస్తే ఇంకేం తెలీదు." తల్లి ఒళ్ళోనే చొక్కా విప్పించి, ఊపిరి లెక్కపెట్టి, డొక్కలు ఎంత లోపలికి పోతున్నాయో చూశారు. పాదానికి ఆక్సిజన్ కొలిచే క్లిప్పు పెట్టారు. ఆ తర్వాతే ఛాతీ విన్నారు.

"పాలు తాగుతున్నాడా అమ్మా? ఉచ్చ పోస్తున్నాడా?"

"కాస్త తగ్గించాడండి. ఉచ్చ పోస్తానే ఉన్నాడు."

"ఇది బ్రాంకియోలైటిస్. జలుబు లోపలికి దిగి, సన్నటి ఊపిరి గొట్టాలు వాచాయి. ఇప్పటికి చేర్చుకోనక్కర్లేదు."

"ఎక్స్‌రే అన్నా తియ్యండి. ఓ ఇంజెక్షనన్నా వెయ్యండి," అన్నాడు ఏసుబాబు.

"వైరస్‌కి ఆ ఇంజెక్షన్లు పనిచేయవు బాబూ. ఇంకా పెరగొచ్చు కూడా. పాలు సగానికి తగ్గినా, డొక్కలు ఎగరేసినా వెంటనే తీసుకురండి."

మర్నాడు మధ్యాహ్నం వాళ్ళు మళ్ళీ వచ్చారు. "పొద్దుట్నుంచీ ఒకటే ఏడుపండి. ఇప్పుడే నెమ్మదించాడు," అంది కరుణ. నాకూ అలాగే అనిపించింది. మేడం ముఖం మాత్రం మారిపోయింది. "నెమ్మదించలేదమ్మా, అలిసిపోయాడు," అంటూనే ఆక్సిజన్ పెట్టించారు. మధ్యమధ్యలో ఊపిరి ఆగి, మళ్ళీ అందుకుంటోంది. విజయవాడ తీసుకెళ్ళడానికి అంబులెన్సు పిలిపించారు.

"నిన్నే చేర్చుకుంటే ఇంతదాకా వచ్చేదా?" ఏసుబాబు అరిచాడు. నేనేదో సమర్థించబోయాను. మేడం నన్ను వారించి అతని పక్కన నిలబడ్డారు. "నీ కోపంలో తప్పులేదు బాబూ. ఇంటికి పంపింది నేనే. పద, నేనూ వస్తున్నా." దారి పొడవునా బాబు మాస్కు తనే పట్టుకుని కూర్చున్నారట.

బాబు బతికాడు. ఐసీయూ నుంచి బయటికి తెచ్చారని ఫోను వచ్చాక అడిగాను, "ఆ రోజు మనం పొరబడ్డామా మేడం?"

"ఆ రోజున్నది ఆ రోజు చూశాం. మర్నాటిది ఎవరికి కనిపిస్తుందమ్మా? అందుకే మళ్ళీ రమ్మని చెప్పాలి. వచ్చాక నాలుగు మాటలంటే పడాలి."

మేడం ఇప్పుడు లేరు. బిడ్డను ఇంటికి పంపుతూ, "రేపెలా ఉంటుందో నాకూ తెలీదండి" అని తల్లిదండ్రులతో చెప్పడం నాకింకా కష్టంగానే ఉంటుంది. అయినా చెప్తాను.