మూడు నెలల చీర

రాష్ట్రం వచ్చాక మా డిపార్ట్‌మెంట్‌లో పడిన మొదటి పోస్టు అది, అదీ ఒక్కటే. ఇంటర్వ్యూ బోర్డులో మా సీనియర్ ప్రొఫెసర్ ఉన్నారు. నాకు పాఠం చెప్పిన మనిషి, నేను అన్నా అని పిలుచుకున్న మనిషి. అభ్యర్థుల్లో తమవాళ్లెవరూ లేరని బోర్డు సభ్యులు రాసివ్వాలి. ఇంటర్వ్యూ కాగితాల పని నాది; ఆ కాగితం ఆయన ముందు పెట్టడానికి నాకే సిగ్గేసింది.

"నా మీదనే అనుమానమా తమ్మీ?" అని నవ్వుతూ సంతకం చేసి, కాగితం నా వైపు జరిపారు.

నెల తర్వాత పోచంపల్లిలో మా ఇంటికి వెళ్తే, మగ్గం మీద ఎర్ర పట్టుచీర ఉంది.

"మీ సారు బిడ్డ పెండ్లి చీర," అన్నాడు బాపు. "పిలగాడు మొన్ననే మీ తాన నౌకరీల చేరిండంట గద!"

మా దగ్గర మొన్న చేరింది ఒక్కడే.

"చీర ఎప్పుడు చెప్పిండు బాపూ?"

"మూడు నెలలాయె. దారాలకు రబ్బరు గట్టి రంగులద్దనీకే నెల దాటింది. నీకు జెప్పొద్దన్నడు. కార్డు ఇచ్చేటప్పుడు తనే చెప్తడంట."

ఆ నవ్వు గుర్తొచ్చి ఒళ్లు మండిపోయింది. తెల్లవారి ఆఫీసుకు వెళ్లగానే ఆ కాగితం బయటికి తీశాను.

అతని సంతకం కింద, సాక్షిగా ఉన్న సంతకం నాది.