రెండూ ఎడమవైపువే

బ్యాంకు ఉద్యోగం నుంచి రిటైరైన నెలలోనే మా అక్క ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం మా ఇంటికొచ్చి, ధాన్యం బస్తాలు వేసుకునే షెడ్డు ఖాళీ చేయించమంది. ఎందుకే అంటే, "పడవ కడదాంరా" అంది. నీళ్లంటే ఆవిడకు చిన్నప్పటినుంచీ భయం. అందుకే నేను సరిగా వినలేదేమో అనుకున్నాను.

అది తెరచాప పడవ. సన్నటి పడవలు రెండింటిని పక్కపక్కన పెట్టి, మధ్యలో గొట్టాలతో కలపాలి. ఒక్కోటీ బయటివైపు చదునుగా, లోపలివైపు ఉబ్బుగా ఉండాలి. ప్లాను అక్క ఇంటర్నెట్లో కొంది. చెక్క అచ్చులో ఫోమ్ షీట్లు వంచి, వాటి మీద ఫైబర్ గుడ్డ పరిచి, రెసిన్ జిగురు కలిపి బ్రష్షుతో తడపడం మా పని. స్కూల్లో సోషల్ చెప్పే నాకు అందులో ఏదీ అంతుపట్టేది కాదు. ముసురు పడితే రెసిన్ బంకబంకగానే ఉండిపోయేది. ఎండ కాస్తే డబ్బాలోనే పొగలు కక్కి రాయైపోయేది.

ఒకటి పూర్తయ్యాక అదే అచ్చులో రెండోదీ తీశాం. రెండింటినీ పక్కపక్కన నిలబెట్టి చూస్తే, రెండింటి ఉబ్బూ కుడివైపే ఉంది, అంటే రెండూ ఎడమవైపు పెట్టాల్సినవే. ఒకదాన్ని అటుదిటు తిప్పాం. ఉబ్బు కుదిరింది గానీ, ముక్కు వెనక్కి పోయింది. మళ్లీ తిప్పాం.

"రెండోది అద్దంలో బొమ్మలా రావాలిరా. ప్లానులో చదివాను కూడా," అంది అక్క.

"మరి?"

"ఏమో."

పక్కింటాయన గోడ మీంచి చూసి, "అచ్చం కవలల్లా ఉన్నాయండీ," అన్నారు. అక్కకు నవ్వు ఆగలేదు. కళ్ల నిండా నీళ్లు. అది నవ్వో ఏడుపో నాకు అర్థం కాలేదు.

అలాగే బిగించి, వ్యానులో ఆకివీడు దాటి కొల్లేటికి తీసుకెళ్లాం. లైఫ్ జాకెట్లు వేసుకున్నాం. గాలి పట్టగానే పడవ ఒక పక్కకే లాగి, నేరుగా గుర్రపుడెక్కలోకి దూరింది.

"భయం వేయట్లేదా?" అన్నాను.

"వేస్తోంది. నోరుమూసుకుని ఆ తాడు పట్టుకో."

దగ్గర్లో వల తీస్తున్నాయన తన దోనె ఆపి, "ఎటు వెళ్లాలండీ?" అని అడిగాడు.

"తిన్నగానండీ!" అంది అక్క.

ఆయనే తాడు కట్టి మమ్మల్ని బయటికి లాగాడు.

ఇంటికొచ్చాక కొత్త అచ్చు చేసి, కుడివైపుది విడిగా తీశాం. ఈసారి కొల్లేట్లో పడవ తిన్నగా వెళ్లింది. అక్క ఒక్కతే చుక్కాని పట్టుకుని అవతలి గట్టు దాకా వెళ్లి, తిరిగొచ్చింది.

ఒడ్డున జాకెట్ విప్పి నా చేతికిచ్చి, "నా భయం తీరిందిరా. ఇంక నీ వంతు, పడవ నీ దగ్గరే ఉంచుకో," అంది.

"అదేంటే? మళ్లీ రావా?"

"చూద్దాంలే," అని ఏలూరు బస్సెక్కేసింది.

జాకెట్ పట్టుకుని అక్కడే నిలబడ్డాను. నాకు ఈత రాదని ఆవిడకు తెలుసు.