శుక్రవారం వాక్యం

మా వీధి మలుపులో ఇస్త్రీబండి అతను తడి చీర మీద బొగ్గుల పెట్టె ఆనించగానే లేచే ఆవిరి వాసన, పులివెందులలో మా వరండా దాకా వస్తుంది. ఆ వాసనకు నాకు ఇంగ్లీషు గుర్తుకొస్తుంది. నేను ఇంగ్లీషు నేర్చుకున్నది బడిలో కాదు, ప్రొద్దుటూరులో జైనబ్బీ అక్క కుట్టుమిషను గదిలో. ఆమె కువైట్‌లో ఇంటిపని చేసి తిరిగి వచ్చిన మనిషి. జాకెట్లు కుడుతూ, ఇస్త్రీ చేస్తూ, అదే పనికి పోబోయే ఆడవాళ్లకు పాఠం చెప్పేది.

అప్పటికి నా భర్త పోయి ఏడాది దాటింది. రెండేళ్ల కూతుర్ని జమ్మలమడుగులో మా అమ్మ దగ్గర వదిలి కువైట్‌కు పోవాలి. వీసా వచ్చింది. ప్రయాణానికి ఆరు వారాలు గడువు. సోమ, గురువారాలు పొద్దున బస్సెక్కి ప్రొద్దుటూరు పోయేదాన్ని. పాఠం ఎప్పుడూ పావుగంట ఆలస్యంగా మొదలయ్యేది, కానీ ఆ పావుగంటను అక్క చివర్లో కలిపేది, మింగేది కాదు. లెక్క తప్పని మనుషులంటే నాకు గౌరవం.

ఆమె చెప్పేది ఒక్క పాఠమే. సింపుల్ ప్రెజెంటు. "నిన్న చేసినావు, ఈ పొద్దు చేస్తావు, రేపూ చేస్తావు. పొద్దు తూర్పున పుడతాది అన్నంత గట్టిగా చెప్పల్ల. నేను వండితే కుక్, మేడమ్ వండితే కుక్స్. ఆమె మేడమ్ గదా, ఆమె పనికి తోక ఉంటాది."

"ఆమె యాడ వండుతాదిలే అక్కా!" అంది చక్రాయపేట నుంచి వచ్చే రమీజా.

"వండదు గాబట్టే నీకు వీసా ఇచ్చినారు. మూసుకోని రాయి!"

నవ్వులన్నీ అయ్యాక అసలు పని మొదలయ్యేది. ప్రతి మనిషీ తన బతుకులో ఎవరికీ వదులుకోని పని ఒకటి చూసుకుని, దాన్ని ఇంగ్లీషులో ఒక వాక్యం చేసుకోవాలి. దాన్ని ఇంట్లో అడుగుపెట్టిన రోజే యజమానురాలికి చెప్పాలి. రమీజాది నమాజు. నాది, 'ఐ కాల్ మై హోమ్ ఆన్ ఫ్రైడే'; అక్కడ సెలవు దినం శుక్రవారమే. వారానికొకసారి నా గొంతు వినకపోతే, మాటలు అప్పుడప్పుడే నేర్చుకుంటున్న బిడ్డ నన్ను మరిచిపోతుందని నా భయం.

వాక్యం తయారయ్యాక అక్క దుప్పట్టా తలకు చుట్టుకుని, మంచం మీద కాలు మీద కాలేసుకుని మేడమ్ అయ్యేది. ఆ వాక్యాన్ని విరగ్గొట్టడం ఆమె పని.

"నో ఫోన్! గెస్ట్స్ కమ్! వర్క్!" అని అరిచింది నా మీద.

"అట్లే మేడమ్," అన్నాను. పుట్టినప్పటి నుంచి నా నోట వచ్చే మాట అదే. పుట్టింట్లో అదే, అత్తింట్లో అదే.

అక్క దుప్పట్టా తీసి పక్కన పడేసింది. "మేయ్ నాగమ్మా, నువ్వు పోవద్దు. ఈడనే ఉండి గంజి తాగు."

"ఎందుకక్కా అంత కోపం? అడిగితే వాళ్లే ఇస్తారేమో."

ఆమె ఇస్త్రీపెట్టె పక్కకు జరిపి కూర్చుంది. "నేనూ అట్లే అనుకుంటి. వాళ్లు చెడ్డోళ్లు గాదు. నేను చెప్పలేదు, వాళ్లు అడగలేదు. పని, పని, అట్లనే పోయింది. మా అమ్మ చచ్చిపోయిన సంగతి నాకు నలభయ్యో దినం ఫాతిహా అయిపోయినాక తెలిసింది." దుప్పట్టా తీసి మళ్లీ తలకు చుట్టుకుంది. "లే. మళ్లీ చెప్పు."

ఆ పూట నాలుగుసార్లు విరిగింది నా వాక్యం. ఆఖరి గురువారం మాత్రం ఆమె ఎంత అరిచినా విరగలేదు. "ఈ మొండిమొగం చూస్తే నిజం మేడమ్ గూడా బెదురుతాది, పో," అంది, నా చెంప తట్టి.

కువైట్‌లో నిజం మేడమ్ బెదరలేదు. వచ్చిన రోజే చెప్పి ఉంచినా, మొదటి శుక్రవారమే ఇంటినిండా చుట్టాలని, ఫోను రేపు చేసుకొమ్మంది. నా వాక్యం చెప్పాను. ఆమె మొహం చిట్లించింది. మళ్లీ చెప్పాను. చేతి గడియారం చూసి, పది వేళ్లు చూపించి, ఫోను నా ముందుకు జరిపింది. అవతల నా బిడ్డ ఏమీ మాట్లాడలేదు, ఊపిరి మాత్రం వినిపించింది. నాకది చాలు.

ఏడేళ్ల తర్వాత తిరిగివచ్చి ముందు బిడ్డను చూసుకున్నాను, మర్నాడు ప్రొద్దుటూరు పోయాను. అక్కకు చూపు మందగించింది. "అన్ని శుక్రవారాలూ చేసినావా?" అంది.

"రెండు తప్పినాయక్కా. ఒకసారి లైను దొరకల్యా, ఒకసారి జొరమొచ్చె."

"రెండే గదా, దేవుడు మాఫ్ చేస్తాడు," అని నవ్వింది. నీ వాక్యమేందక్కా అని అడిగాను. "నాది చెప్పే పొద్దు దాటిపోయింది పాపా. అందుకే మీయన్నీ దిద్దుతాంటి."

ఆమె పోయి చాలాకాలమైంది. పోయిన నెల మా ఇంట్లో పనికి కొత్తగా ఒకామె కుదిరింది. చీపురు పట్టకముందే గడపలో నిలబడి, "ఆదివారం నేను రానమ్మా. ఆ పొద్దు హాస్టల్లో ఉండే నా కొడుకును చూడను పోతా," అంది. చూపు దించలేదు.

నా కూతురు నా చెవిలో, "ఏమ్మా, పనిలో చేరకముందే ఇంత పొగరా?" అంది.

పొగరు కాదని నేను చెప్పలేదు. చెప్పడానికి సగం రోజు పడుతుంది. ఆదివారం గిన్నెలు నేనే తోముకుంటాను.