పచ్చటోపీ గారికి పరామర్శ

ఆ రోజుల్లో నాకు దేన్నయినా భాగాలుగా విడదీసి చూస్తే తప్ప అర్థమయ్యేది కాదు. లిఫ్టులు బిగించే కంపెనీలో ఉద్యోగం. ఆ జబ్బు అక్కడే అంటుకుంది. అందుకే ముందు హాజరు చెబుతాను. సిడ్నీలోని హారిస్ పార్క్‌లో మా అద్దె ఇంటి ముందుగదిలో ఆ ఆదివారం ఉన్నవాళ్లు: నేను, నాతో పనిచేస్తూ అదే ఇంట్లో ఉండే జపాను ఇంజనీరు, పక్కింటి కాకినాడ అంకుల్, ఆంటీ. ఉన్న వస్తువులు: టేప్‌రికార్డరు, ఒసాకా నుంచి ఇంజనీరు గారి అక్క పంపిన క్యాసెట్టు (కవరైనా విప్పలేదు), ఆంటీ తెచ్చిన నాలుగు గిన్నెల క్యారియరు, ఒక ఆకుపచ్చ టోపీ.

ఆ టోపీ వల్లే నలభై దాటిన ఆ మనిషిని మేమంతా పచ్చటోపీ గారు అనేవాళ్లం. అది ఒసాకాలో ఒక రైలు కంపెనీ నడిపిన బేస్‌బాల్ జట్టు రంగు. 1988లో ఆ కంపెనీ జట్టును ఒక సూపర్‌మార్కెట్ల సంస్థకు అమ్మేసింది. జట్టు వేరే దీవిలోని వేరే ఊరికి వెళ్లిపోతోంది. సొంత మైదానంలో ఆడిన ఆఖరి ఆట రేడియో వ్యాఖ్యానం ఆ క్యాసెట్టులో ఉంది. అది వచ్చినప్పటి నుంచీ ఆయన దాన్ని వినలేదు. రెండు రోజులుగా అన్నమూ ముట్టలేదు. నా పద్ధతిలో నేను ఓదార్చాను. "ఆటగాళ్లు వాళ్లే. రికార్డులు అవే. జట్టు పేరులోని డేగ అదే. మారింది ఊరు, రంగు, యజమాని. అంటే యాభై శాతం మిగిలినట్టే" అన్నాను. ఆయన నన్ను, రెండు అంతస్తుల మధ్య ఆగిపోయిన లిఫ్టును చూసినట్టు చూసి, గదిలోకి వెళ్లి తలుపేసుకున్నారు.

సంగతి కంచె మీదుగా ఆంటీకి చెప్పాను. మధ్యాహ్నానికల్లా క్యారియరుతో వచ్చేశారు. వెనకే అంకుల్ గొణుగుడు.

"ఏమేవ్, అది ఆటల టీమే. ఎవరూ చచ్చిపోలేదు."

"తెలుసండీ. ఆ ఇంట్లో స్టవ్ వెలగలేదు. వెలగని ఇంటికి పక్కింటోళ్లే కదా పెట్టాలి? మీరు చారు ఒలక్కుండా పట్టుకోండి, చాలు."

పచ్చటోపీ గారిని బయటికి పిలిపించి, ఎదురుగా కూర్చుని, మనవాళ్లు పరామర్శలో అడిగేవే ఆంటీ తన ఇంగ్లీషులో అడిగారు.

"హౌ ఓల్డ్, బాబూ?"

ఆయన తలెత్తి జట్టు వయసు చెప్పారు. "ఫిఫ్టీ."

"అయ్యో, ఫిఫ్టీయేనా! అదేమంత ఏజ్ అని! హౌ లాంగ్ సిక్?"

"పదకొండేళ్లు. ఏటా కింది స్థానాలే."

"బిఫోర్ దట్?"

అంతకుముందా! ఆయన పన్నెండో ఏట ఆ జట్టు టోక్యో జట్టును ఫైనల్లో వరసగా నాలుగు ఆటల్లో ఓడించిందట. ఊరేగింపు చూడాలని అంత పిల్లాడు భుజాలెక్కితే, వాళ్ల నాన్నకు వారం రోజులు నడుం పట్టేసిందట. (ఏడాదిగా ఒకే కప్పు కింద ఉండి నేను ఆయన్ని అడిగింది స్నానాల గది వంతుల గురించే.)

"మరి ఆ రైలు?" అన్నారు అంకుల్, ఊరుకోలేక.

"రైలు ఉంది, అంకుల్. మైదానం పక్కన స్టేషనూ ఉంది. నాన్న పోయాక కూడా సెలవుల్లో వెళ్లి అక్కడే దిగేవాణ్ణి. ఇక దిగి ఏం చేయను?"

అంతసేపూ నవ్వు బిగబట్టుకున్న అంకుల్ చారు గిన్నె మెల్లగా కింద పెట్టేశారు.

ఆంటీ చూపు క్యాసెట్టు మీద పడింది. "కడసారి చూపు చూడకపోతే ఎట్టా బాబూ? అది చూశాకే ముద్ద దిగుద్ది." నేను అనువదించాను. ఆయన కవరు తనే విప్పారు. బటన్ నన్ను నొక్కమన్నారు.

ఒక్క ముక్క అర్థం కాని జపాను వ్యాఖ్యానాన్ని ముగ్గురు తెలుగువాళ్లం కదలకుండా విన్నాం. జనం అరిచినప్పుడల్లా అంకుల్ "అవుటా?" అనేవారు. "నో అంకుల్, ఫౌల్" అని ఆయన కళ్లు తుడుచుకుంటూనే చెప్పేవారు. ఆట అయిపోయినా జనం ఇళ్లకు వెళ్లలేదు; జట్టు పాట పాడుతూ ఉండిపోయారు. ఆయన టోపీ తీసి ఒళ్లో పెట్టుకుని, వాళ్లతో కలిసి పాడారు. టేపు ఆగాక ఆంటీ చారన్నం కలిపి కంచం చేతికిచ్చారు. తిన్నారు. రెండోసారి కూడా పెట్టించుకున్నారు.

ఇప్పుడు నేనెక్కడికి పరామర్శకు వెళ్లినా ఆంటీ అడిగిన ఆ మూడే అడుగుతాను. యాభై శాతం లెక్కగట్టిన ఆ కుర్రాడు గుర్తొచ్చి, నవ్వకూడని చోట నవ్వొస్తుంది. ఆ ఆఖరి ఆట మా జట్టే గెలిచింది. ఆరు–నాలుగు.